వైరు లేని స్టీరింగు

టాప్‌గేరు బాబాయ్ కోతలు ఎప్పుడూ ఫస్ట్ గేరులోనే బయల్దేరతాయి. జీవితమంతా బస్సు నడిపిన మనిషి కదా, ఎత్తుకోవడమే వేగంగా ఎత్తుకుంటే ఎక్కినవాళ్లు పడిపోతారని ఆయనకి తెలుసు. అందుకని ముందు నమ్మేలా చెబుతాడు. మీరు బెంచీ మీద సర్దుకుని కూర్చున్నారని తేలాక సెకండ్ వేస్తాడు. టాప్ గేరు పడేసరికి మీరు దిగుదామన్నా స్టాపు ఉండదు. ఆ పేరు ఆయనకి అలా వచ్చింది.

ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర వినేవాళ్లు ముగ్గురే. కొట్టు నడిపే అక్క, పక్కనే సెలూన్ పెట్టుకున్నాయన, ఎదురు ఫొటో స్టూడియో అమ్మాయి. స్టూడియో అమ్మాయి ఊసుపోక రాలేదు. ఆమె మౌసు ఎడమ బటన్ చెడిపోయింది. ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతోంది. దాని పుణ్యమా అని ఒకే పెద్దాయన ఒకే గ్రూపు ఫొటోలో రెండు చోట్ల నిలబడ్డాడు, ఆయన కొడుకులు వచ్చి గొడవ కూడా పెట్టుకుని వెళ్లారు. తక్కువ ధరలో ఒక వైర్‌లెస్ గేమింగ్ మౌసు ఉందని, అదే బాబాయ్ దగ్గర ఉందని విని, అడుగుదామని వచ్చింది.

"మంచీ చెడూ రెండూ చెప్పు బాబాయ్. రేపు పొద్దున్నే కొనెయ్యాలి. పొరపాటున పనికిరానిది కొంటే నా పని ఆగిపోతుంది."

ఆ మాటతో బాబాయ్‌కి ప్రాణం లేచొచ్చింది. కళ్ల పరీక్షలో తప్పి బస్సు దిగిపోయిన దగ్గర్నుంచి ఆయన్ని సలహా అడిగిన నాథుడు లేడు. ఏ బస్సు ఎటు పోతుందని కూడా ఎవరూ అడగడం లేదు, అందరూ ఫోన్‌లో చూసుకుంటున్నారు. చొక్కా జేబులోంచి మౌసు తీసి, రుమాలుతో తుడిచి, బిస్కెట్ల సీసా పక్కన పెట్టాడు. మీట జరపగానే దాని ఒళ్లంతా ఎర్రగా, నీలంగా, పచ్చగా వెలిగింది.

"చూడమ్మా, నేను ఉన్నదానికంటే ఒక్క ముక్క ఎక్కువ చెప్పను."

సెలూన్ ఆయన టీ పొరబోయినట్టు దగ్గాడు.

"నువ్వు దగ్గకు తమ్ముడూ, ఇది సీరియస్ విషయం. ఈ మౌసు మా అమ్మాయి కొంది. రోజూ సాయంత్రం మా మనవరాలూ నేనూ కంప్యూటర్‌లో లారీ ఆట ఆడతాం. పాప చేతిలో కీబోర్డు, నా చేతిలో ఇది. అంటే బ్రేకూ యాక్సిలరేటరూ దానివి, స్టీరింగు నాది. మొన్న ఘాట్ రోడ్డు వచ్చింది. ఒక పక్క లోయ, పైన వాన, లారీ నిండా గాజు సామాను. ఒక్క గ్లాసు పగలకుండా కిందికి దింపాను. అంతే. అందులో గొప్పేముంది, డ్రైవరన్నాక దింపుతాడు."

"బరువెలా ఉంటుంది బాబాయ్? నాకు మణికట్టు నొప్పి."

"బరువా! ఉందో లేదో తెలీదమ్మా. ఒకరోజు ఏమైందో తెలుసా? ఆటలో పడిపోయి వట్టి బల్ల మీదే చెయ్యి తిప్పుతున్నాను. మలుపులన్నీ దాటి, వంతెన దాటి, ఊళ్లోకొచ్చాక చూసుకుంటే మౌసు నా జేబులోనే ఉంది! అయినా లారీ ఒక్క మలుపు తప్పిందా? తప్పలేదు. నా చేతి వాసన అలవాటైపోయింది దానికి."

"జేబులోంచే తిప్పింది కాబోలు," అంది టీ కొట్టు అక్క, గ్లాసులు కడుగుతూ.

"అద్గదీ, అక్కకి అర్థమైంది."

స్టూడియో అమ్మాయి నవ్వు ఆపుకుంది. ఆమెకి కావలసింది వేరే. "చార్జింగ్ ఎన్నాళ్లొస్తుంది? వీటికి ఆ లైట్లే బ్యాటరీని తినేస్తాయంటారు."

"తినేవాటికి తింటాయి. మాది ఉపవాసం కూడా ఉంటుంది. పోయిన వారం చార్జింగ్ పెట్టడం మరిచిపోయాను. సరిగ్గా ఇసుక ఎడారి మధ్యలో ఉన్నాం, లైట్లన్నీ ఆరిపోయాయి. మౌసు చల్లబడిపోయింది. అయిపోయింది, లారీ ఆగిపోతుంది అనుకున్నానా? ఆగలేదమ్మా! ఎడారి దాటించి, సరుకు దింపించి, అప్పుడు ఆగింది. విశ్వాసమంటే అదీ. ఇప్పుడు మనుషుల్లో ఉందా ఇది?"

"లేదులే అన్నా," అని ఒప్పుకున్నాడు సెలూన్ ఆయన. "మొన్న చెంపకి సబ్బు నురగ రాయించుకుని, గడ్డం సగంలో వదిలేసి, ఇప్పుడే వస్తానని పోయినవాడివి నువ్వేగా."

"అదెందుకు పోయానో చెప్పనివ్వు మరి!" బాబాయ్ సెకండ్ నుంచి థర్డ్‌కి మార్చాడు. "ఇంట్లో పాప ఒక్కతే లారీ ఎక్కింది. నేను వీడి కుర్చీలో ఉన్నాను. ఒంటి మీద గుడ్డ కప్పాడు కదా, ఆ గుడ్డ కింద మోకాలి మీద మౌసు పెట్టుకుని ఇక్కణ్ణుంచే తిప్పుతున్నాను. మధ్యలో మూడు వీధులు, ఒక బ్యాంకు, ఒక పిండి మర. అన్నీ దాటి పోతోంది సిగ్నలు. పిండి మర దగ్గర కాస్త పిండి అంటుకుంది, అంతే. తీరా చూస్తే మంచు కొండల దారి. వీడు కత్తి చెంప మీద పెట్టడం, అక్కడ హెయిర్‌పిన్ మలుపు రావడం ఒక్కసారే అయ్యాయి. ఎటు తిప్పాలి? తల ఇటు, మౌసు అటు! ఇంక ఇక్కణ్ణుంచి కుదరదని ఇంటికి పరిగెత్తాను. అడుగు తమ్ముణ్ణి."

"గుడ్డ కింద నువ్వేం చేశావో నాకేం తెలుసన్నా. తల మాత్రం తిప్పావు. ఇదిగో, గాటు ఇంకా మానలేదు."

"సాక్ష్యం కూడా ఉంది!" అని బాబాయ్ చెంప చూపించాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు వింటే ఆయనకి ఆకలి కూడా వెయ్యదు.

"అసలు మా వంశంలోనే ఉందమ్మా ఈ విద్య. మా అమ్మాయిని చూశావుగా, ఆసుపత్రిలో నర్సు. అది ఐదేళ్లప్పుడే నాతోపాటు బస్సు నడిపింది. సెలవుల్లో ఇంజిన్ పక్కన కూర్చోబెట్టుకుని, చేతికి ఒక గిన్నె మూత ఇచ్చేవాణ్ణి. నేను స్టీరింగు ఎటు తిప్పితే అది మూత అటు తిప్పేది. పిచ్చిపిల్ల, తనే నడుపుతున్నాననుకునేది! బళ్లో అందరికీ చెప్పుకుంది కూడా, మా నాన్న ఉత్త హారన్ కొడతాడు, బస్సు నేనే నడుపుతాను అని." బాబాయ్ కళ్లొత్తుకుంటూ నవ్వాడు. "నిజం చెబుదామని చాలాసార్లు అనుకున్నాను. నోరు రాలేదు. ఇప్పటికీ చెప్పలేదు. దానికి ఇప్పటికీ తెలీదు."

అక్క రెండో విడత టీ పోసింది. స్టూడియో అమ్మాయి తన గ్లాసు అందుకుని, మళ్లీ అసలు విషయానికొచ్చింది. "పక్కనున్న ఈ చిన్న బటన్లు పనికొస్తాయా? వేగం మార్చేది కూడా ఉందంటారు."

ఇంక టాప్ గేరే. బాబాయ్ లేచి నిలబడ్డాడు.

"పనికొస్తాయా అంటావేంటమ్మా! నిన్న పొద్దున బస్టాపులో నిలబడ్డాను, జేబులో ఇది. ఎత్తు మీంచి బస్సొకటి దొర్లుకొస్తోంది. చూస్తే బ్రేకులు పోయాయి. డ్రైవరు నా దగ్గర నేర్చుకున్నవాడే, నన్ను చూసి రెండు చేతులూ జోడించేశాడు. స్టీరింగు ఎవరు పట్టుకుంటారు? నేను జేబులో చెయ్యి పెట్టి ఎడమకి జరిపాను. బస్సు ఎడమకి! కుడికి జరిపాను. కుడికి! ఈ పక్క బటన్ నొక్కితే హారను, ఆ పక్క బటన్ నొక్కితే వైపర్లు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎదురుగా రైలు గేటు పడింది. రైలు వచ్చేసింది. నడిమధ్యన బస్సు, లోపల జనం. అప్పుడు ఈ వేగం బటన్ నొక్కాను చూడూ, బస్సు గేటు మీంచి లేచి, రైలు మీంచి లేచి, రైల్లో కిటికీ దగ్గర కూర్చున్నావిడ చెయ్యి కూడా ఊపింది, అవతలి స్టాపులో ఆగింది. ఒక్కరికి దెబ్బ తగల్లేదు. టైముకంటే ముందొచ్చిందని కంట్రోలరు మాత్రం తిట్టాడు."

"అన్నా, రైలు కూడా నువ్వే ఆపాల్సింది," అన్నాడు సెలూన్ ఆయన.

"రైలుకి వైరుంటుంది. ఇది వైరు లేనివాటికే పనిచేస్తుంది."

ఆ సమాధానానికి అక్క గ్లాసు కింద పెట్టేసి మరీ నవ్వింది. స్టూడియో అమ్మాయీ నవ్వింది కానీ, ఏదో గుర్తొచ్చినట్టు నొసలు చిట్లించింది.

"అంతా మంచే చెప్పావు బాబాయ్. చెడు ఒక్కటైనా చెప్పవా? పోనీ, రిసీవర్ సంగతి చెప్పు. గట్టిగా కూర్చుంటుందా, ఊరికే ఊడొస్తుందా?"

"ఏ రిసీవరు?"

"గోరంత ముక్క ఉంటుంది కదా. దాన్ని కంప్యూటర్‌కి పెడితేనే మౌసు పనిచేసేది."

"అవన్నీ నాసిరకం వాటికమ్మా. ఇది వైరు లేనిది. దేనికీ ఏదీ పెట్టక్కర్లేదు. నేను వెళ్లి కూర్చుంటాను, చేత్తో పట్టుకుంటాను, అంతే."

ఆ అమ్మాయి మౌసు తీసి తిరగేసింది. పొట్ట మీద చిన్న మూత ఉంది. గోటితో లేపింది. లోపల తన గూట్లో భద్రంగా కూర్చుని ఉంది ఆ గోరంత ముక్క.

"బాబాయ్," అంది నెమ్మదిగా. "ఇది ఇక్కడే ఉందే. మరి లారీ నడుపుతోంది ఎవరు?"

సెలూన్ ఆయన పగలబడి నవ్వబోయి బాబాయ్ మొహం చూసి ఆగిపోయాడు. కోత దొరికిపోతే బాబాయ్ ఎప్పుడూ అందరికంటే ముందు తనే నవ్వేస్తాడు. ఇప్పుడు నవ్వలేదు. ఎగిరిన బస్సు కోత. గుడ్డ కింద మౌసు కోత. కానీ లారీ కోత కాదు. రోజంతటిలో ఆయన ఎదురుచూసేది ఆ ఒక్క గంట కోసమే. ఆ గంటలో పాప "తాతయ్యా, మలుపు!" అని అరిస్తే ఆయన తిప్పుతాడు, లారీ తిరుగుతుంది. కళ్లు పోయినా చెయ్యి పోలేదని ఆయన నమ్మింది దాన్ని చూసే.

జేబులో ఉండి కూడా పనిచేసిన మౌసు, చార్జింగ్ లేకుండా ఎడారి దాటించిన మౌసు. గొప్పగా చెప్పుకున్నవన్నీ ఒక్కొక్కటే వచ్చి ఆయన ముందు నిలబడ్డాయి.

"మా పాప... పాపకి తెలీక పెట్టలేదేమో," అన్నాడు.

"తెలిసే తీసింది నాన్నా. తియ్యమన్నది నేను."

ఆయన కూతురు డ్యూటీ దిగి, భుజాన సంచీతో, తండ్రిని వెంటబెట్టుకుని వెళదామని వచ్చి బెంచీ వెనక నిలబడి ఉంది. స్టూడియో అమ్మాయి చేతిలో తెరిచిన మౌసు చూసి, దాచి లాభం లేదని వచ్చి తండ్రి పక్కన కూర్చుంది.

"మొదటి రోజు ఆ ముక్క పెట్టే ఆడారు. గుర్తుందా? లారీ కాలవలో పడింది. మళ్లీ పడింది. పాప ఏమీ అనలేదు, నువ్వే మౌసు అక్కడ పడేసి, అన్నం కూడా తినకుండా గోడ వైపు తిరిగి పడుకున్నావు. మర్నాడు నేనే పాపకి చెప్పాను, ఆ ముక్క తీసి మౌసు పొట్టలో పెట్టెయ్యి, స్టీరింగు కూడా నీ మీటలతోనే తిప్పుకో, తాతయ్య చేతికి మాత్రం మౌసు ఇవ్వు అని."

బాబాయ్‌కి గుర్తుంది. రెండో రోజు నుంచి చెయ్యి తిరిగిందని వీధంతా చెప్పుకున్నాడు.

"అంటే నా చేతికి మీరు..."

"గిన్నె మూత ఇచ్చాం నాన్నా."

ఆయన తలెత్తి కూతురి వంక చూశాడు. "నీకు తెలుసా? ఆ మూత సంగతి?"

"మూతతో బస్సు నడవదని ఐదేళ్ల పిల్లకి తెలీదా ఏంటి? మొదటి రోజే తెలుసు. నేను కుడికి తిప్పినా నువ్వు ఎడమకే పోయావు. చెబితే వెనక సీట్లో కూర్చోబెడతావేమోనని ఊరుకున్నాను. నీ పక్కన కూర్చోవడం కావాలి నాకు. ఎవరు నడిపితే ఏంటి?"

బాబాయ్‌కి ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా. చొక్కా చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. అక్క ఆయన చల్లారిన గ్లాసు తీసి వేడిగా ఇంకో టీ పెట్టింది.

స్టూడియో అమ్మాయి చేతిలోని మౌసుని అటూ ఇటూ తిప్పి చూసింది. "చెడు ఒకటి దొరికింది బాబాయ్. కంప్యూటర్‌కి తగిలించకపోయినా, ఆ సంగతి తెలియనివ్వకుండా ఒళ్లంతా వెలుగుతుంది ఇది."

"అది చెడు కాదమ్మా," అంది కూతురు. "మా ఇంట్లో దాని మంచే అది."

ఫోన్ మోగింది. కూతురు ఎత్తగానే ఫోన్‌లోంచి పాప కేక బెంచీ చివరిదాకా వినబడింది. "అమ్మా, తాతయ్య ఎక్కడ? ఘాట్ రోడ్డు మొదట్లో లారీ ఆపి ఉంచాను. స్టీరింగు తాతయ్య జేబులో ఉంది!"

బాబాయ్ టీ గబగబా తాగేసి లేచాడు. స్టూడియో అమ్మాయి ఆ గోరంత ముక్క ఆయన అరచేతిలో పెట్టబోయింది.

"నాకివ్వకు," అన్నాడు. "ఎక్కడిదక్కడ పెట్టి మూత వేసెయ్యి. నాకు తెలిసిపోయిందని పాపకి తెలిస్తే, నన్ను వెనక సీట్లో కూర్చోబెడుతుంది."