మతూల్య గారి ఒక్క ప్రశ్న

మా చరిత్ర శాఖలో బుధవారం సెమినార్ నాలుగింటికి. అంటే నాలుగుంబావుకి. నాలుగు కొట్టగానే సెమినార్ మొదలైనట్టే లెక్క, కానీ పావుగంట దాకా పైన హాల్లో ఎవరూ నోరు విప్పరు. ఆ పావుగంటలో వక్త రాకపోతే వచ్చినవాళ్ళు లేచి ఇంటికి పోవచ్చు, ఎవరూ తప్పు పట్టరు. క్రొయేషియాలో ఏ క్యాంపస్‌కి వెళ్ళినా ఈ పావుగంట తాతల నాటి హక్కు. కొండ మీదున్న మా శాఖలో మాత్రం దాన్ని హాలు కింది అంతస్తులో మారిత్సా నడిపే బఫేలో, కాఫీ కప్పుల ముందు ఖర్చు పెడతాం.

ఆ బుధవారం యాగొద ముందున్న కాఫీ చల్లారిపోయింది. కిఫ్లా రొట్టె ముక్క చిదిమి పొడి చేసిందే తప్ప నోట్లో పెట్టుకోలేదు. ఆ పిల్ల మా దగ్గర పరిశోధన చేస్తోంది. ద్వీపాల్లో సున్నం, మట్టి ఏమీ లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన గోడల మీద ఆమె మొదటి ప్రసంగం ఆ రోజే. అది గట్టెక్కితేనే శాఖ ఆమె అంశాన్ని ఒప్పుకుంటుంది. లేకపోతే రెండేళ్ళు దీవుల వెంట తిరిగిన తిరుగుడంతా బూడిదలో పోసిన పన్నీరే.

ఆమె భయమంతా కిటికీ పక్కన గడ్డం గుండెకి ఆనించి నిద్రపోతోంది. ప్రొఫెసర్ మతూల్య గారు. రిటైరై చాలా కాలమైనా ఒక్క బుధవారం తప్పరు. వక్త మొదటి వాక్యానికే ఆయన కళ్ళు మూతపడతాయి. చప్పట్లకి తెరుచుకుంటాయి. అప్పుడు చూపుడువేలు పైకెత్తి, "నాదొక చిన్న ప్రశ్న" అంటారు. ఒకప్పుడు మావాళ్ళు ప్రశ్న మీద ప్రశ్న వేసి ఆఖరి బస్సు దాటిపోయేదాకా కొట్టుకునేవాళ్ళట, అందుకని ఒక సెమినార్‌లో ఒకరికి ఒకటే ప్రశ్న అని శాఖలో కట్టుబాటు పెట్టుకున్నాం. మిగతావాళ్ళం ఉపప్రశ్న అనీ సందేహం అనీ దాన్ని దొంగదారిన దాటుతూనే ఉంటాం. ఆయన మాత్రం ఏనాడూ రెండోది అడగలేదు. అవసరం పడలేదు. పోయినేడు ఆయన ప్రశ్న తగిలిన పరిశోధక విద్యార్థి ఇవోర్ ఇప్పుడు క్ర్క్ ద్వీపంలో ఐస్‌క్రీం అమ్ముకుంటున్నాడు. సుఖంగానే ఉన్నాడని వినికిడి.

అడిగేవాడికి చెప్పేవాడు లోకువ కదా. యాగొద ఆ కిటికీ వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి నాతో అంది: "నేను వెళ్ళిపోతానండి. పావుగంట గడిస్తే వాళ్ళే లేచి పోతారుగా."

నేను ఏదో సర్దిచెప్పబోయాను. ఈలోగా పక్క బల్ల దగ్గర ఫ్రానె చెవిన ఆ మాట పడింది.

ఫ్రానె మా శాఖలోనే ఉప్పు వ్యాపార చరిత్ర చెబుతాడు. క్లాసులో ఎంత నిజం చెబుతాడో బఫేలో అంత అబద్ధం చెబుతాడు, రెండూ ఒకే మొహంతో. ఆ రోజు వెంటనే మొదలుపెట్టలేదు. గోడ గడియారం వంక చూశాడు. బయట చర్చి గంట నాలుగు కొట్టేదాకా కప్పులో చెంచా తిప్పుతూ కూర్చుని, అప్పుడు లేచి నిలబడ్డాడు.

"అమ్మాయీ, ఇటు చూడు. నా మొదటి ప్రసంగం కూడా ఈ పై హాల్లోనే, ఇలాంటి బుధవారమే. ద్వీపాల్లో ఉప్పుమడుల గురించి. భయం వేసిందా అంటే, కొంచెం వేసింది, లేదని అబద్ధం ఎందుకాడాలి?"

"ఇవాళ అబద్ధాలకి సెలవా?" అంది మారిత్సా కప్పులు కడుగుతూ.

"నువ్వుండు మారిత్సా. లోపలికెళ్ళాను, దణ్ణం పెట్టాను, రెండు ముక్కలు చెప్పాను. బాగానే చెప్పానని వాళ్ళే అన్నారు, నా నోటితో నేననడం బాగుండదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బురా గాలి లేచింది. మామూలు బురా కాదు, వంతెన మీద లారీలు ఆపేసి, ఓడలు కట్టేసి, కుక్కల్ని ఇళ్ళలోకి లాక్కునే బురా. కిటికీ రెక్క ఫెళ్ళున తెరుచుకుంది, నా కాగితాలన్నీ ఒక్క ఊపున లేచి బయటికి, అలా సముద్రం మీదికి. ఇంకొకడైతే అక్కడే కూలబడేవాడు. నేను ఆగలేదు. ఏ పేజీలో ఆపానో ఆ పేజీ నుంచే, కంఠతా, కింద చిన్న అక్షరాల్లో రాసుకున్న వివరాలతో సహా. అవి చెప్పేటప్పుడు గొంతు కూడా చిన్నది చేశాను."

నాకు నవ్వొచ్చింది. యాగొదకి రాలేదు. అయితే కిఫ్లాని చిదమడం ఆపింది.

"ఇక ఆ కాగితాలున్నాయే, వాటిలో ఒకటి ద్వీపం నుంచి వస్తున్న ఓడ కొయ్యకి చుట్టుకుంది. కెప్టెన్ దాన్ని ఊడదీసి అవతల పారేయబోతూ ఓ చూపు వేశాడు, చూపు వేసినవాడు తిప్పుకోలేకపోయాడు. పేజీ చివర వాక్యం సగంలో ఆగిపోయింది కదా, మిగతా సగం ఏమిటో తెలియకపోతే అన్నం సహించదన్నాడు. ఓడ తెచ్చి కట్టేసి, ప్రయాణికులందర్నీ వెంటేసుకుని ఈ కొండెక్కాడు."

"ఓడలు కట్టేశారన్నారుగా?" అన్నాను నేను.

"కట్టేసిన ఓడే విప్పుకుని వచ్చాడయ్యా, అంత పట్టింది వాడికి. హాల్లో ఇసుక వేస్తే రాలని జనం. చేపలు పట్టేవాళ్ళు వలలతో సహా వచ్చారు. చేపల బజారులో ఆడవాళ్ళు తక్కెళ్ళు పట్టుకునే వచ్చారు, నా మాటలు తూచి చూసుకున్నారు, గుండుసూదంత తరుగు లేదు. బిషప్పు గారికి కుర్చీ దొరక్క వెనక గోడకి ఆనుకుని నిలబడ్డారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్పకపోతే ఊరుకుంటావా," అంది మారిత్సా. కడగడం మాత్రం మానేసింది.

"బురా ఆగిపోయింది. కిటికీ దగ్గరికొచ్చి లోపలికి తొంగి చూసి, అలా నిలబడిపోయింది, చెవి ఒగ్గి. నేను ఊపిరి తీసుకున్నప్పుడే అదీ ఊపిరి తీసుకునేది. మిగతా కాగితాలు అప్పటికే వెనిస్ చేరాయనుకో. అక్కడ ఒక ప్రొఫెసర్ వాటిని ఏరుకుని, ఎండబెట్టి, తన హాల్లో చదివాడు. ఇక్కడ నేను, అక్కడ అతను, ఒకే సమయానికి ఒకే వాక్యం. అక్కడివాళ్ళకి సందేహాలొచ్చాయి. వారం తిరక్కముందే దక్షిణపు గాలి వీచింది, వాళ్ళ ప్రశ్నలు ఆ గాలిలో వచ్చి మా ఇంటి పెరట్లో ఆరేసిన బట్టలకి అంటుకున్నాయి. నేను జవాబులు చెప్పి బురాలో పంపాను. ఏడాదిపాటు అలా నడిచింది. ఇప్పటికీ ఆ ఊళ్ళో ఉప్పు గురించి ఎవరు మాట్లాడబోయినా, ముందు లేచి కిటికీ తెరుస్తారు."

యాగొద నవ్వింది. పొద్దున్నుంచి పట్టి ఉంచిన నవ్వులా, కాస్త ఎక్కువే నవ్వింది. చుట్టూ ఉన్న బల్లల వాళ్ళు కుర్చీలు మా వైపు తిప్పుకున్నారు. సెమినార్‌కి పైకి వెళ్ళాల్సిన వాళ్ళంతా అక్కడే ఉన్నారు. ఫ్రానె ఒకసారి చుట్టూ చూసి, గొంతు పెంచాడు. అంత పెంచాల్సిన అవసరం లేదు, అందరికీ వినిపిస్తూనే ఉంది.

"ఇదంతా ఒక ఎత్తు. అసలుది ఇప్పుడు చెప్తాను. చప్పట్లు. చప్పట్లకి మన మతూల్య గారు లేచారు. వేలెత్తారు. నాదొక చిన్న ప్రశ్న, అన్నారు. బిషప్పు గారు శిలువ గుర్తు వేసుకున్నారు. చేపలవాళ్ళు వలలు గుండెకి హత్తుకున్నారు. నేను నవ్వుతూ, అడగండి ప్రొఫెసర్ గారూ అన్నాను. అడిగారు. చెప్పాను. ఒక్కటే వాక్యం. ఆ జవాబు విన్నాక మహానుభావుడికి నిద్ర పోయింది. ఆ రోజు కాదు, ఆ వారం కాదు, ఏడాది పొడుగునా కన్ను మూతపడలేదు. ఆవిడ, ఆయన భార్య, మా గుమ్మంలోకొచ్చి, నాయనా, నీ జవాబు నువ్వు వెనక్కి తీసుకో, మా ఆయన్ని పడుకోనీ, అని బతిమాలింది. నేను ఏమన్నానంటే..."

"నాదొక చిన్న ప్రశ్న."

కిటికీ పక్క నుంచి. మతూల్య గారు తల ఎత్తారు, కళ్ళు పూర్తిగా తెరిచారు, వేలు పైకి లేచింది. మారిత్సా చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. ఎప్పుడు మేలుకున్నారో, ఎంత విన్నారో ఎవరికీ తెలియదు. ఎప్పుడూ అంతే ఆయనతో.

"అడగండి ప్రొఫెసర్ గారూ," అన్నాడు ఫ్రానె. ఈసారి నవ్వు మొహం మీద సరిగ్గా కుదరలేదు.

"ఆ బుధవారం నాకు గుర్తుంది. బురా మాట నిజమే. వంతెన మూసేశారు, ఊళ్ళోంచి ఎవరూ రాలేదు. హాల్లో నేనొక్కణ్ణే, గోడకి దగ్గరగా, కోటు విప్పకుండా కూర్చున్నాను. కిటికీలు గట్టిగా మూసే ఉన్నాయి. తలుపు కింద సందులోంచి రెండు బూట్లు కనబడ్డాయి. గోధుమ రంగువి, కొత్తవి. అటు వెళ్ళేవి, ఇటు వచ్చేవి, గడప దగ్గర ఆగేవి. నాలుగుంబావు కొట్టింది, వెళ్ళిపోయాయి." ఆయన వేలు దించారు. "నా ప్రశ్న ఏమిటంటే, నువ్వు లోపలికి ఎందుకు రాలేదు?"

మారిత్సానే ముందు తేరుకుంది.

"మాటలు కోటలు దాటతాయి, కాళ్ళు గడప దాటవు," అని గుడ్డ భుజాన వేసుకుంది. దాంతో అందరూ ఒక్కసారి ఘొల్లుమన్నారు. ఇంత కాలం ఎన్ని కోతలు విన్నాం, ఎన్ని ఓడలు కొండెక్కించాడు, ఆఖరికి మనిషి తలుపే తెరవలేదు. నేనైతే కళ్ళు తుడుచుకున్నాను.

ఫ్రానె మెడ దాకా ఎర్రబడ్డాడు. కానీ కూర్చోలేదు.

"లోపల మీరొక్కరే ఉన్నారు కదా ప్రొఫెసర్ గారూ," అన్నాడు. "అందుకే."

మళ్ళీ నవ్వులు. ఈసారి మతూల్య గారు కూడా నవ్వారు. ఆయన నవ్వగా చూడడం నాకు అదే మొదటిసారి. పళ్ళు చిన్నవి, పసిపిల్లాడివిలా ఉన్నాయి.

"పిచ్చివాడా," అన్నారు. "నువ్వొస్తే ఇద్దరం కిందికి దిగి ఇక్కడే కాఫీ తాగేవాళ్ళం. ఆ చలిలో ఉప్పుమడుల కథ ఎవడు వింటాడు?"

అప్పుడు ఆయన లేచి కోటు వేసుకోబోతుంటే రెండో చేతికి కోటు అందలేదు. యాగొద వెళ్ళి పట్టుకుంది. దగ్గరగా నిలబడింది కాబట్టి, ఇక దాచడం ఎందుకనుకుందో ఏమో, అడిగేసింది: "ప్రొఫెసర్ గారూ, నా ప్రసంగం అయ్యాక మీరేం అడుగుతారు?"

ఆయన ఆమె వంక వింతగా చూశారు. "ఏం అడుగుతానమ్మా? నాది అయిపోయిందిగా."

"అది ఇక్కడ, బఫేలో..."

"నాలుగు కొట్టింది. ఒకడు నిలబడి చెప్పాడు. జనం కూర్చుని విన్నారు. చెప్పినదాంట్లో నిజం ఎంత అన్నది వేరే సంగతి, అలా లెక్క చూస్తే మన సెమినార్లు సగం ఎగిరిపోతాయి." కోటు బొత్తాలు పెట్టుకున్నారు. "ఒకరికి ఒకటే. కట్టుబాటు కట్టుబాటే. ఇక నేను హాయిగా నీ గోడల గురించి వింటూ పడుకుంటాను. పద, పావుగంట అయిపోవస్తోంది."

యాగొద మొహంలోకి రక్తం తిరిగి రావడం నేను కళ్ళారా చూశాను. గుండె మీంచి బండరాయి దిగితే మనిషి పొడుగవుతుందని ఎవరూ చెప్పరు గానీ, ఆ పిల్ల పొడుగైంది. చల్లారిన కాఫీ ఒక్క గుక్కలో తాగేసింది, చిదిమిన కిఫ్లా పొడి కూడా వేలితో అద్దుకుని తినేసింది. అందరూ కుర్చీలు జరుపుకుని లేచారు.

మెట్లెక్కుతూ ఫ్రానె నా పక్కకి వచ్చాడు. ఊపిరి కుదుటపడగానే మళ్ళీ పాత ధోరణి.

"చూశావా? ఆ ప్రశ్న ఆయన నోట్లోంచి ఇక్కడే లాగించాలని, నాలుగు కొట్టేదాకా ఆగి మరీ మొదలుపెట్టాను. నిద్రపోయేవాణ్ణి ఏ మాటతో లేపాలో నాకు తెలుసు. నా పరువు పోతే పోయింది, పిల్ల గట్టెక్కింది."

"ఇవాళ కోసిన కోతలన్నిట్లోకీ ఇదే పెద్దది," అంది వెనకాల మారిత్సా. ఆవిడ కూడా బఫే తలుపు దగ్గరకి లాగి పైకొస్తోంది. సెమినార్‌కి ఆవిడ రావడం అంతకుముందు ఎన్నడూ లేదు.

ఫ్రానె కథ మొదలుపెట్టబోయే ముందు గడియారం వంక చూడడం నేను చూశాను. అతనికి గడియారం చూసే అలవాటు లేదు, క్లాసుకి కూడా. ఆ సంగతి చెబుదామని నోరు తెరిచాను గానీ, చెబితే వీడు దానికి ఓ సముద్రం, ఓ బిషప్పు తగిలించి వచ్చే బుధవారానికల్లా ఊరంతా చాటుతాడు. ఊరుకున్నాను.

హాలు తలుపు దగ్గర ఫ్రానె ఆగాడు. చెప్పులోకి రాయి దూరినట్టు, ఒక్క క్షణం. మతూల్య గారు అతని భుజం మీద చెయ్యి వేసి మెల్లగా ముందుకి తోశారు.

యాగొద మాత్రం అప్పటికే గడప దాటి లోపలికి వెళ్ళిపోయింది.