ఎలుగుబంటి ఊరుకున్న పూట

అబ్బబ్బ, అడక్కండి! కారెక్కకముందే ఎలా జరిగిందీ, ఎలా జరిగిందీ అని మొదలుపెట్టేశారు. సీటు బెల్టయినా పెట్టుకోనివ్వరా? ముందు ఆ నీళ్ల సీసా ఇటివ్వండి, గొంతెండిపోయింది.

హమ్మయ్య.

పోనివ్వండి. కాదు, అటు కాదు, వాక్స్‌పూల్ రోడ్డు మీదుగా పోనివ్వండి. దూరమైతే అయింది. చెప్పాల్సింది చాలా ఉంది.

నాకు తెలీక అడుగుతానూ, మనిషికి ఉద్యోగం ఇవ్వాలంటే మనిషన్నవాడు ఒకడు ఎదురుగా కూచోవాలా, అక్కర్లేదా? వాళ్ల మెయిల్ మీరూ చదివారుగా. ఇంటి నుంచి ఇంటర్వ్యూ పెడితే జనం ఏఐని పక్కన పెట్టుకుని దాన్ని చూసి చెప్పేస్తున్నారు, అందుకని ఆఫీసుకే రావాలన్నారు. సరే, న్యాయమే కదా అనుకున్నాను. ఈ కోటు తగిలించుకుని వెళ్లాను. రిసెప్షన్లో అమ్మాయి నవ్వుతూ ఒక గదిలోకి తీసుకెళ్లి తలుపేసింది. గదిలో ఎవరున్నారు? ఎవరూ లేరు! గోడకి ఒక టీవీ. "హలో శశికళా, ఇవాళ మిమ్మల్ని ఇంటర్వ్యూ చేసేది నేనే" అంది ఆ టీవీ.

నేను ఏఐ వాడకూడదట. నన్ను అడిగేది మాత్రం ఏఐయేనట!

నవ్వండి, నవ్వండి. నాకూ నవ్వే వచ్చింది. కానీ మీ ఫ్రెండ్ శ్రీధర్ గారు రికమెండ్ చేసిన ఉద్యోగం కదా, ఆయన పరువు తీయకూడదని బుద్ధిగా కూచున్నాను.

మీ గురించి చెప్పండి అంది. చెప్పాను. ఏళ్ల తరబడి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశాను, ఎదుటివాళ్ల ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడమే నా పని, ఆ పని కంప్యూటరే చేసేసుకుంటోందని కిందటేడు నన్ను ఇంటికి పంపేశారు అన్నాను.

"వండర్‌ఫుల్!" అంది.

ఏంటండీ వండర్‌ఫుల్? నా ఉద్యోగం పోవడమా?

సరే, మాటవరసకి అనుంటుందిలే అని సర్దుకున్నాను. ఆ తర్వాత, మీరు పట్టుకున్న తప్పుల్లో మీరు మర్చిపోలేనిది ఒకటి చెప్పండి అంది. అదిగో, అక్కడే వచ్చింది చిక్కు. ఆ బ్యాంకు ప్రాజెక్టు సంగతి చెప్పాలని రాత్రంతా బట్టీ పట్టానా? నోరు తెరిస్తే వేద సంగతి వచ్చేసింది.

ఏ వేదా? ఏ వేద ఏంటండీ! స్పందనా, అక్షయ్ వాళ్ల పాప. నేను గురువారం గురువారం పొద్దున్నే కారేసుకుని ఎక్కడికి వెళ్తున్నాననుకున్నారు? చెప్పాను. మీరు "ఊఁ" కూడా అన్నారు. మీ "ఊఁ" సంగతి నాకు తెలీదూ!

పోనీ మొదట్నుంచీ చెప్తాను, ఈసారైనా వినండి. సిగ్నల్ పడింది, చూసుకోండి.

ఉద్యోగం పోయాక ఏం తోచక కమ్యూనిటీ కాలేజీలో క్లాసులో చేరానా? ఆ క్లాసు పేరే హ్యూమన్ డెవలప్‌మెంట్. పసిగుడ్డు మనిషిగా ఎలా తయారవుతుందీ అని చెప్తారు. మీరు టైంపాస్ అన్నారు చూడండి, అదే. మొదటిరోజు నేను తలుపు తీసుకుని వెళ్లగానే పిల్లలందరూ ఫోన్లు లోపల పెట్టేశారు. నేనే ప్రొఫెసర్ననుకున్నారు పాపం! వెళ్లి వెనక బెంచీలో కూచుంటే ఒకడు పకపకా నవ్వాడు, నేనూ నవ్వాను, అప్పట్నుంచీ వాడు నాకు సీటు పట్టి ఉంచుతున్నాడు.

ప్రొఫెసర్ హాలిస్ అని పెద్దావిడ. ఆవిడ ఒక పని పెట్టింది. ప్రతివాళ్లూ ఒక పసిపిల్లని ఎంచుకోవాలి, వారానికోసారి వెళ్లి ఆ పిల్ల ఏం చేస్తోందో చూసి రాయాలి. చూడ్డమే. పలకరించకూడదు, ఎత్తుకోకూడదు, కలగజేసుకోకూడదు. గోడ మీద ఈగలా ఉండండి అంది. ఈగ ఏంటి, మన బల్లయితే సరిగ్గా సరిపోతుంది అనుకున్నాను. కానీ మన బల్లి ఎంతసేపు ఊరుకుంటుందీ? సమయం చూసి టిక్కుటిక్కుమని సత్యం పలకదూ!

గుళ్లో పరిచయం కదా స్పందన. అడగ్గానే రమ్మంది. పాపకి ఏడాదిన్నర దాటింది. నవ్వితే బుగ్గలు కళ్లని మింగేస్తాయి. పరిగెడుతుంది, అన్నీ పీకుతుంది, చెప్పింది అర్థం చేసుకుంటుంది. మాట మాత్రం లేదండీ. ఒక్కటంటే ఒక్క మాట లేదు. డాక్టరు చెవులు బాగున్నాయన్నాడట. స్పీచ్ థెరపీ వాళ్ల అపాయింట్‌మెంట్ కోసం చూస్తున్నారు. ఆ పిల్ల, స్పందన, పైకి నవ్వుతూ తిరుగుతుంది కానీ, "ఆంటీ, మీ అదితి ఎప్పుడు మాట్లాడిందీ?" అని వెళ్లినప్పుడల్లా అడుగుతుంది. ఏం చెప్పను? మీరు అదితి మొదటి మాట అత్త అంటారు, నేను ఆపిల్ అంటాను, ఇప్పటికీ తేలలేదు!

స్పందన ఇంట్లోంచే పని చేస్తుంది. పాప హాల్లో, తను అద్దాల తలుపు వెనక మీటింగుల్లో. పాపకి తోడు ఒక ఎలుగుబంటి.

బొమ్మేనండీ! గోధుమరంగు, ఇంత పొడుగు. పుట్టకముందే అక్షయ్ కొనిపెట్టాడట. దాని కళ్లలో కెమెరాలు. పాప దేనివైపు చూస్తే అది దాని పేరు చెప్తుంది. పాట పాడుతుంది. పాప ఏడిస్తే "నేనున్నాను కదా" అంటుంది. మొదటివారం నేను నోరెళ్లబెట్టాను. మనం పిల్లని పెంచేటప్పుడు ఇలాంటిది ఉంటేనా, నేను పూటకి ఒక గంట ఎక్కువ నిద్రపోయేదాన్ని అనుకున్నాను. నిజంగా!

మూడోవారమో నాలుగోవారమో, కిటికీ అవతల ఉడత వచ్చింది. పాప చూసింది. పెదాలు దగ్గరికి తెచ్చింది, ఛాతీ నిండా ఊపిరి తీసుకుంది... అంతలో ఎలుగుబంటి, "స్క్విరల్! ఎస్ ఫర్ స్క్విరల్! ఉడతకి గింజలంటే ఇష్టం, నీకూ ఇష్టమా?" అని దండకం ఎత్తుకుంది. పాప పెదాలు వదిలేసింది. ఊపిరీ వదిలేసింది. అంతే, అయిపోయింది.

నేను కుర్చీలో నిటారుగా కూచున్నాను.

ఆ తర్వాత చెత్త లారీ వచ్చింది. మళ్లీ అదే. పాప ఊపిరి తీసుకోవడం, అది అందుకోవడం, పాప మానుకోవడం. ఐస్ ముక్కలు గ్లాసులో పడ్డాయి, మళ్లీ అదే! ఏవండీ, ఇన్నేళ్లు నేను కూడు తిన్నది ఇలాంటి తప్పులు పట్టే కదా. బొమ్మ మంచిదే, చెప్పేదీ తప్పు కాదు. దానికి తొందరెక్కువ. పిల్లకి మాట కూడదీసుకోవడానికి కాస్త జాగా కావాలి. ఆ జాగా అది ఉంచట్లేదు.

అక్కడికక్కడే లేచి చెప్పేద్దామనుకున్నాను. కానీ బల్లిని కదా! నోరు మూసుకుని ఇంటికొచ్చాను. ఆ రోజు చారులో ఉప్పు లేదని మీరు అన్నారు చూడండి, అందుకే లేదు.

కిందటి గురువారం ఇంక నావల్ల కాలేదు. స్పందన మీటింగులో ఉంది. నేను లేచి, ఎలుగుబంటిని తీసి, సోఫా మీద పెట్టి... దానిమీద కూచున్నాను.

ఆఁ, కూచున్నాను! ఇంకేం చేయమంటారు? స్విచ్చి ఎక్కడుందో కనబడలేదు. అది నాకింద నుంచి, "ఇక్కడ చీకటిగా ఉంది! మనం దాగుడుమూతలు ఆడుతున్నామా?" అంటోంది. పాప నన్ను చూసి ఒకటే నవ్వు! తడిమి తడిమి చివరికి వీపులో బ్యాటరీలు పట్టుకుని పీకేశాను. దిండు వెనక్కి తోసేశాను.

ఇల్లంతా నిశ్శబ్దం. ఫ్రిజ్ మోత కూడా వినబడుతోంది.

ఇప్పుడు అసలు కష్టం నాది. నా సంగతి మీకు తెలుసుగా, నా నోట్లో నువ్వుగింజ నానదు. పాప నావైపు చూస్తోంది, నేను దానివైపు చూస్తున్నాను. "ఏం కావాలమ్మా, పాలా, బొమ్మా, రా బంగారం" అని మాటలన్నీ గొంతుదాకా వచ్చి కూచున్నాయి. పళ్ల మధ్య నాలుక పెట్టి నొక్కుకున్నాను. నా జన్మలో అంతసేపు ఊరుకున్నది లేదండీ, మా అమ్మతోడు!

పాప సోఫా కింద చూసింది. కుర్చీ వెనక చూసింది. నా దగ్గరికొచ్చి, నా మోకాళ్ల మీద రెండు చేతులూ పెట్టి, మొహంలోకి చూసింది. పెదాలు దగ్గరికి తెచ్చింది. ఊపిరి తీసుకుంది.

నేను ఊపిరి ఆపుకున్నాను.

"ఏదీ?" అంది.

ఏదీ అందండీ! అచ్చం తెలుగులో, రెండు చేతులూ తిప్పి మరీ! వాళ్ల అమ్మమ్మ నెల్లూరు నుంచి వీడియో కాల్లో కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని "వేద ఏదీ? వేద ఏదీ?" అని ఆడిస్తుందట. అది పిల్ల లోపల ఎన్నాళ్లనుంచి దాచుకుందో! ఆ బొమ్మ పొద్దస్తమానం జవాబులు చెప్తూనే ఉందా? పిల్ల మొదటి మాట ప్రశ్న!

ఇంక నా నోరు ఆగుతుందా? "స్పందనా!" అని ఒక్క కేక పెట్టాను. అద్దాల తలుపు తోసుకుని, హెడ్‌ఫోన్స్ మెళ్లో వేలాడుతూ, పరుగెత్తుకొచ్చింది. మ్యూట్ చేయడం మర్చిపోయింది. వాళ్ల మేనేజరు, టీమంతా వింటున్నారు. పాప వాళ్లమ్మని చూసి మళ్లీ "ఏదీ?" అంది. స్పందన నేల మీద చతికిలబడి ఏడుపు, నవ్వు, రెండూ ఒకేసారి. హెడ్‌ఫోన్స్ లోంచి జనం చప్పట్లు కొడుతున్నారు! నేను దిండు తీసి ఎలుగుబంటిని చూపించాను. పాప దాన్ని లాక్కుని, మళ్లీ దిండు కింద దాచి, "ఏదీ?" అంది. ఆటండీ! తనే ఆట మొదలుపెట్టింది. బ్యాటరీల్లేని ఎలుగుబంటి బ్రహ్మాండమైన బొమ్మ, తెలుసా?

"ఆంటీ, మరి నేనేం చేయాలి?" అంది స్పందన.

"ఆ స్పీచ్ థెరపీ అపాయింట్‌మెంట్ మాత్రం మానకు. ఇంట్లో పాప ఏదైనా చూసినప్పుడు కాసేపు ఊరుకో, చాలు" అన్నాను. ఎవరు చెప్తున్నారూ ఈ మాట? నేను! మీరు నవ్వడంలో తప్పులేదు.

ఇదంతా చెప్పానండీ ఆ టీవీకి. చేతులు తిప్పుతూ, "ఏదీ" అని పాపలాగే అని చూపిస్తూ. కళ్లు కూడా తడయ్యాయి. చెప్పి దానివైపు చూశాను.

"వండర్‌ఫుల్! ఇప్పుడు తర్వాతి ప్రశ్న" అంది.

గోడకి చెప్పుకున్నట్టయింది. గోడకైనా బల్లి ఉంటుంది! కోపం రాలేదు, నిజం చెప్తున్నాను. పాపం, దాని పని అది చేస్తోంది. కానీ ఉద్యోగం వస్తే నేను చేయాల్సింది ఏంటి? రోజంతా దాని ఎదురుగా కూచుని, దానికి మాటలు నేర్పడం. అదిగో, ఆ కిటికీల్లేని డేటా సెంటర్ బిల్డింగులు చూడండి, రోడ్డుకి అటూ ఇటూ. మీరు అందులో ఈ ఏఐలు నడిచే కంప్యూటర్లకి వేడి తగలకుండా కాపలా కాస్తున్నారా, లేదా? వాటిని పెంచేవాళ్లు బోలెడుమంది ఉన్నారండీ, మీతో సహా. మంచిదే, పెరగనివ్వండి. రేపు వాటితో బతకాల్సింది ఈ వేదలే కదా. ఈ పిల్లలకి అడగడం రావాలా వద్దా? వాళ్ల దగ్గర కూచునేవాళ్లు ఎవరో ఒకరు ఉండొద్దూ?

నేను వెళ్తున్నానండీ అని దానికి చెప్పి లేచాను. దానికీ వండర్‌ఫుల్ అంది!

ఏంటి, అలా చూస్తారు? రోడ్డు చూడండి. మధ్యలో లేచి వచ్చేశాను, అవును. శ్రీధర్ గారికి మీరే చెప్పాలి, నాకు మొహం చెల్లదు.

ఆగండి, అయిపోలేదు. ప్రొఫెసర్ హాలిస్‌కి నేను చేసింది ఉన్నదున్నట్టు రాసిచ్చానుగా. మొన్న పిలిచి, చూసేవాళ్లు కలగజేసుకోకూడదని చెప్పానా లేదా అని చీవాట్లు పెట్టింది. గ్రేడ్ సి వేసింది. అవునండీ, మన అదితి సి తెచ్చుకుంటే ఇల్లు పీకి పందిరేసిన నాకు సి! వేసి, కళ్లజోడు తీసి, "కాలేజీ డేకేర్లో పసిపిల్లల గదికి మనిషి కావాలి, వస్తావా?" అంది. ఆలోచించుకుంటానన్నాను.

ఇందాక మీ కోసం పార్కింగ్ లాట్లో నిలబడ్డప్పుడు ఫోన్ చేసి వస్తానని చెప్పేశాను. సోమవారం చేరాలి.

జీతమా? అది ఇంటికెళ్లి, మీకు కాఫీ ఇచ్చాక చెప్తాను.

అదేంటి, నవ్వుతున్నారా? నవ్వుతున్నారు! అయితే ఇంకో సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తాను, మళ్లీ ఈ ధైర్యం రాదు. ఆ గదిలో బొమ్మల అల్మరాలన్నీ ఊడిపోయి ఉన్నాయట. శనివారం మా ఆయన వచ్చి బిగిస్తాడని చెప్పాను. డ్రిల్ మిషన్ కూడా మనదే అన్నాను.