సగం గడ్డం, గ్రూప్ డిస్కషన్

బేరాల్లేని మధ్యాహ్నం, ఒకే కుర్చీ ఉన్న సెలూన్. షాపతను, ఇంగ్లీషు క్లాసులో అతని పక్కన కూర్చునే టైలరమ్మాయి. కాసేపటికి ఆమె అన్నయ్య, బస్సు కండక్టరు. అతనూ అదే క్లాసు.

“మళ్ళీ చెప్పు.”

“ఐ డోంట్ అగ్రీ.”

“నేల చూపులు కాదు, నన్ను చూసి.”

“ఐ డోంట్... నిన్ను చూస్తే అంతా అగ్రీయే, అబద్ధం ఎలా చెప్పను?”

“పరాచికాలొద్దు. ఎల్లుండే పరీక్ష. గ్రూప్ డిస్కషన్‌లో అందరికీ తలూపేవాడికి సున్నా వేస్తారని సార్ మొత్తుకుంటున్నారా లేదా? క్లాసంతా నిన్ను ‘సరేగారూ’ అని ఎందుకు పిలుస్తోంది?”

“ఏం చెయ్యమంటావు? కుర్చీలో కూర్చున్నవాడు వానొస్తుందంటే వస్తుందనాలి, రాదంటే రాదనాలి. కాదన్నానో, పక్క షాపుకి పోతాడు.”

“పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. నీది ఎల్లుండిలోగా పోవాలి. పోనీ పరీక్ష సంగతి అలా ఉంచు. మన సంగతి? అన్నయ్యతో చెబుతానని ఎన్నాళ్ళుగా అంటున్నావు?”

“చెబుదామనే నోరు తెరుస్తాను. ఆయన ‘ఏంట్రా?’ అంటాడు. ‘మీసం కూడా సర్దమంటారా అన్నా?’ అని వస్తుంది నోట్లోంచి.”

“నీ మొహం! అమ్మా నాన్నా లేని లోటు తెలియకుండా పెంచాడు నన్ను. అన్నయ్య కాదంటే నేను గడప దాటను. దాటలేను. అందుకే ఇవాళ అన్నయ్యని ఇక్కడికి ప్రాక్టీసుకి రమ్మని ఒక ఎత్తు వేశాను. టాపిక్ నేనే పెట్టా, ‘అమ్మాయి తన మొగుణ్ణి తనే ఎంచుకోవాలా?’ అని. అన్నయ్యది అవుననే పక్షం. నీది కాదనే పక్షం.”

“నేను కాదని వాదించాలా? నా గొయ్యి నేనే తవ్వుకోవాలా?”

“నువ్వు రెండో మాటకి ఎలాగూ సరే అంటావు, అన్నయ్య గెలుస్తాడు. గెలిచిన మాట మింగేసే మనిషి కాదు. అప్పుడు మన సంగతి నేను చెబుతాను. నువ్వు ఊరికే ఓడిపో చాలు. నీకు వచ్చిన విద్యేగా!”

“అదైతే... సరే.”

“ఉష్! వస్తున్నాడు.”

“ఏరా సరేగాడా, అద్దంతో ఇంగ్లీషా? జరుగు జరుగు, లోపలికి జరుగు. సాయంత్రం డ్యూటీ ఉంది, గడ్డం గీస్తూ ఉండు, డిస్కషన్ కూడా కానిచ్చేద్దాం. చెల్లీ, టాపిక్ ఏంటి?”

“అమ్మాయి తన భర్తని తనే ఎంచుకోవాలా అని, అన్నయ్యా. నువ్వు అవునని వాదించాలి. సార్ చెప్పినట్టు ముందు తెలుగులో పాయింట్లు, తర్వాత ఇంగ్లీషు.”

“నేనా? అవుననా? సర్లే, ఏ రూటు వేస్తే ఆ రూటే. విను. ఏ బస్సెక్కాలో ప్రయాణికుడికే తెలుసు. నేను తోసి ఎక్కించానంటే ఇంకెక్కడో దిగి నన్ను తిడతాడు. పెళ్ళీ అంతే. కాపురం చేసేది పిల్ల, ఎంచుకోవాల్సిందీ పిల్లే. ఎలా ఉంది?”

“అదిరింది అన్నయ్యా! ఇక మీరు చెప్పండి, సరేగారూ.”

“అన్న చెప్పింది నిజమే...”

“చూశావా, రెండో మాట లేకుండా గెలిచా—”

“కదలకండన్నా! కత్తి గొంతు మీద ఉంది.”

“ఊఁ.”

“నిజమే గానీ... ఐ డోంట్ అగ్రీ.”

“ఆఁ? ఏమన్నారు సరేగారూ?”

“ఏమన్నావురా?”

“మాట్లాడితే తెగుతుందన్నా, గడ్డం పైకెత్తండి. బస్సు నచ్చకపోతే తర్వాతి స్టాపులో దిగిపోవచ్చు. పెళ్ళిలో దిగడం అంత తేలికా? ఎక్కేముందే బోర్డు చదివి చెప్పేవాడు ఒకడుండాలి.”

“బాగా చెప్పారు. ఇక మీరు ముగించెయ్యొచ్చు.”

“ఇంకా మొదలెట్టలేదండీ.”

“ఒరేయ్, నా మాట విను—”

“బుగ్గ ఉబ్బించండన్నా. ఆఁ, అలాగే ఉంచండి. ఎంతమంది పెళ్ళికొడుకులు ఈ కుర్చీలో కూర్చున్నారో! నెరిసింది నలుపు చేస్తాను, మచ్చ మీద క్రీము రాస్తాను. అమ్మాయి చూసేది నేను దిద్దిన ముఖాన్ని. మాసిన గడ్డంతో, చిరాకులో ఆ మనిషి ఎలా ఉంటాడో చూసినవాళ్ళు వేరే ఉంటారు. వాళ్ళని అడగాలా వద్దా? ఇంకోటి. ఎత్తుకుని పెంచినవాడు ‘ఊఁ’ అనకుండా వెళ్ళిపోతే, ఆ పిల్లకి మాత్రం ముద్ద దిగుతుందా?”

“టైమైపోయిందండీ! అయిపోయింది!”

“నువ్వాగు చెల్లీ, చెప్పనీ.”

“అంతేనన్నా. పెద్దవాళ్ళే ఎంచాలి.”

“ఒరేయ్, ఇన్నేళ్ళలో నువ్వు నన్ను కాదనడం ఇదే మొదలు.”

“తప్పయితే మన్నించండన్నా.”

“తప్పేంటి, గెలిస్తేనూ! చెల్లీ, విన్నావుగా? పెద్దవాళ్ళే ఎంచాలి. తేలిపోయింది.”

“ఏం తేలింది? ఇది ప్రాక్టీసు! నిన్నూ... మిమ్మల్నీ! ఓడిపొమ్మంటే గెలిచి కూర్చుంటారా?”

“ఓడిపొమ్మన్నావా? ఎందుకు?”

“అదీ... పరీక్ష కోసం...”

“నేను చెబుతానన్నా. ఓడిపోతే నాకే లాభం. కానీ గొంతు నా చేతికిచ్చి కళ్ళు మూసుకున్న మనిషిని మాటల్లో ఇరికించడం నావల్ల కాలేదు. మీ చెల్లెలంటే నాకిష్టం. మీరు కాదంటే కాదు.”

“ఇప్పుడు చెబుతావా ఆ మాట? ఇప్పుడా! కొంప ముంచాక!”

“అరవకు చెల్లీ. ఈ షాపులో ఉన్నది ఒక్క కుర్చీ. కస్టమర్లకి కప్పే గుడ్డలంటూ నువ్వు కుట్టి తెచ్చినవి అలమారాలో పట్టక బయట పడుతున్నాయి. టిక్కెట్టు లేనివాణ్ణి ముఖం చూసి పట్టేవాణ్ణి, నాకు తెలియదనుకున్నారా?”

“తెలిసీ... తెలిసీ ఊరుకున్నావా అన్నయ్యా?”

“భయమేసింది. అందరికీ సరే అనేవాడు, రేపు నిన్ను ఎవరైనా ఒక మాటంటే దానికీ సరే అంటాడేమోనని. వీడి నోట్లోంచి ఒక్క ‘కాదు’ వినాలని కాచుక్కూర్చున్నా. ఒరేయ్, పెద్దవాళ్ళే ఎంచాలన్నది నీ వాదనేనా?”

“అవునన్నా.”

“మా ఇంట్లో పెద్దవాణ్ణి నేనేనా?”

“సరే... అంటే, అవునన్నా.”

“అయితే ఎంచేశాను. ఆ రెండో చెంప కూడా కానివ్వండి, బావగారూ.”