తగ్గిన అంకె

మిత్రులారా, మేడం ఇంటివాళ్ళూ, వీధివాళ్ళూ, ల్యాబు వాళ్ళం మేమూ ఒకే గదిలో కూర్చోవడం ఇదే మొదలు. ఆమె లేకుండా కూర్చున్నాం. ఏం చెప్పమంటారు?

ఆమె పనేమిటో మీలో చాలామందికి తెలియదు. దెబ్బ తగిలినా, చీము పట్టినా ఒంట్లో ఒక్కసారిగా మంట లేస్తుంది. ఇన్‌ఫ్లమేషన్ అంటాం. అప్పుడు ఏ అవయవంలో ఏ ప్రొటీను పెరుగుతుంది, ఏది తగ్గుతుంది? ఎలుకల్లో అది కొలవడమే ఆమె పని. కాలేయం ఒకలా మారుతుంది. గుండె మరోలా. కిడ్నీ ఇంకోలా. "రక్తం ఊరంతా తిరిగే మనిషిరా. అన్ని ఇళ్ళ కబుర్లూ మోస్తుంది. ఏది ఎవరింట్లోదో మాత్రం చెప్పదు" అనేది. పూటకోసారి కాలేయం మాట ఎత్తేది కాబట్టి చాటుగా లివరమ్మ అనుకునేవాళ్ళం. "లివరమ్మకు చెవులు కూడా ఉన్నాయి నాయనా" అంది ఒకరోజు.

ఒకసారి కిడ్నీలో ఒక ప్రొటీను విపరీతంగా కనిపించింది. ల్యాబంతా ఒకటే సందడి. వ్యాసం కూడా సిద్ధమైంది. ఆమె అడిగింది ఒక్కటే. "కిడ్నీలో ఉన్న రక్తం కడిగేశాకే కొలిచారా?" కడగలేదు. "దొరికింది కిడ్నీలో. పుట్టింది ఎక్కడ?" కాలేయంలో పుట్టి, రక్తంతో వచ్చి అక్కడ నిలిచింది, అంతే. ఆమె ఎవరినీ తిట్టలేదు. గ్లౌజులు తొడుక్కుని మొదటినుంచీ మొదలుపెట్టింది.

తర్వాత ఆ మంట ఆమె ఒంట్లోనే లేచింది. కాలి మీద పుండు. జ్వరం. ఆసుపత్రి. మంట ఎంతుందో చెప్పే ప్రొటీనును రక్తంలో రోజూ కొలిచారు. ఒక పొద్దున అంకె బాగా పడిపోయింది. వాళ్ళమ్మాయి వరండాలోకి పరుగెత్తుకొచ్చి, "తగ్గిందండీ! అమ్మకు తగ్గింది!" అని కనిపించినవాళ్ళందరికీ చెప్పింది. తల్లి ఇంటికొచ్చేటప్పుడు వేసుకోవడానికి ఉతికిన బట్టలు తేవాలని వెళ్ళింది.

మేడం ఆ రిపోర్టు చూసి నాతో మెల్లగా అంది. "మంట తగ్గలేదు. ఆ ప్రొటీను చేసేది కాలేయం. అది చెయ్యలేకపోతోంది. డాక్టరుకు చెప్పు. పిల్లకు ఇప్పుడే చెప్పకు. ఈ పూటైనా నవ్వనీ."

డాక్టర్లు చూశారు. ఆమె చెప్పిందే నిజం. చెయ్యగలిగింది చేశారు. అది చాలలేదు.

అమ్మా, అక్కడ ముందు వరసలో ఉన్నావు, నీకే చెబుతున్నాను. "నేనెందుకు సంతోషపడ్డాను" అని వచ్చినవాళ్ళందరినీ అడుగుతున్నావు. నువ్వు తప్పు చదవలేదు. కాగితం మీద ఉన్నదే చదివావు. నువ్వు నవ్వడం మీ అమ్మ చూసింది. అంతా తెలిసి, చూడాలనే చూసింది. ఇంతకన్నా ఓదార్పు నా దగ్గర లేదు. ఉందని చెబితే ఆమె ఒప్పుకోదు.

మా ల్యాబులో ఆమె పెట్టిన పద్ధతి ఒకటుంది. ఎలుకల మీద పని ముగించి, బల్ల తుడిచాక, ప్రాణం పోయిన వాటి కోసం అందరం కాసేపు మాట్లాడకుండా నిలబడాలి. గడియారం చూడకూడదు. ఆమె స్టూలు మీద కూర్చున్నాకే మేం కదలాలి.

లేవండి. ఎవరూ గడియారం చూడకండి. ఇవాళ ఆ అమ్మాయి కూర్చున్నాకే మనం కూర్చుందాం.