మిల్లు గొంతు

హలో… ఆ, నేనే. మీ ఆవిడనే, ఇంకెవరు ఎత్తుతారు? ఎందుకలా రొప్పుతున్నారు?…

అవునండీ, మీటింగుల్లో సౌండ్ పని నాదే. కాలికి కట్టుతో మంచం మీదున్నాను, ఎగిరి రమ్మంటారా?… సరే, సరే. చెప్పండి.

అత్తయ్య టాబ్లెట్‌ని సౌండ్ మిక్సర్‌కి తగిలించగానే మోతా?… ఫోన్ ఆ స్పీకర్ బాక్స్ దగ్గర పెట్టండి, విననివ్వండి…

అమ్మో! తేనెతుట్టె కదిపినట్టుంది. ఆ మోతలో అత్తయ్య మాట ఎవరికి ఎక్కుతుంది?

తెలుసండీ, పనివాళ్ళ పిల్లల్ని చూసుకునే గది ఉంచాలా మూయాలా అని ఇంకాసేపట్లో అందరూ చేతులెత్తి ఓటేస్తారు. మిల్లులో ఆ గది పెట్టించిందే ఆవిడ. ఆపరేషన్‌లో గొంతు పోయాక ఆ టాబ్లెట్టే కదా ఆవిడకి నోరు. టైప్ చేసింది అది పలికితేనే… అరవకండి నా మీద!

టాబ్లెట్‌కి చార్జర్ ఉందా?… ఉందా! పీకేయండి… చార్జింగ్ ఉందిగా, ఏం కాదు, పీకండి ముందు.

…తగ్గిందా? హమ్మయ్య.

ఇంకా సుయ్‌మంటోందా?… మిక్సర్‌లో ఆ గుండ్రటి నాబ్ ఎందాకా తిప్పారు?… చివరిదాకానా! నా తల్లే! అంత తిప్పితే సుయ్యనక పాట పాడుతుందా? మిక్సర్‌లో తగ్గించి, టాబ్లెట్‌లో పెంచండి. టాబ్లెట్‌లో అడుగున ఉంచి మిక్సర్‌లో పెంచితే వచ్చేది గాలే.

…పెంచారా?… మళ్ళీ ఎవరు తగ్గించారు?

అత్తయ్యా? మీరు పెంచింది పెంచినట్టే వాల్యూమ్ కిందికి లాగేస్తోందా? ఎందుకట?… నాకేం తెలుసు, అడగండి. మీరు పక్కనే ఉన్నారుగా.

…టైప్ చేస్తోందా. చదవండి… గట్టిగా చదవండి, వినబడటంలేదు…

"గోల నీకు పడదుగా నాయనా."

…

ఏవండీ?… ఉన్నారా?

…మరి? మీరు అనలేదూ? ఆవిడ రోజంతా మగ్గాల మోతలో అరిచి అరిచి వచ్చేది. ఇంట్లో నోరు విప్పితే చాలు, 'అమ్మా, మెల్లగా… ఇది మిల్లు కాదు, ఆ మిల్లు గొంతు అక్కడే వదిలి రా' అనేవారు. చుట్టాల ముందు కూడా. నాకు ఒళ్లు మండేది. గొంతే పోయాక కూడా ఆవిడ మీకోసం తగ్గించుకుంటోంది, చూశారా?

…ఇప్పుడు ఏడిస్తే ఎలాగండీ. వాళ్ళు అత్తయ్యని పిలుస్తున్నారు, వినబడుతోంది నాకు. ఆ మేనేజరు ఓటింగ్ మొదలుపెట్టేస్తాడు.

నేను చెప్తే వినదు. మీరు చెప్పాలి. ఆవిడ ముందు కూర్చోండి… ప్యాంటు మాసిపోతే మాసిపోనివ్వండి! చెయ్యి పట్టుకోండి. ఆవిడ వేలితోనే వాల్యూమ్ పైకి నొక్కించండి, చివరిదాకా…

ఏమంది?… మీ మొహం చూస్తోందా… చూడనివ్వండి.

…

లాగేయట్లేదా?… సుయ్‌మనడం?… పోయిందా! అస్సలు లేదా?

ఇక కదిలించకండి దాన్ని. ఎవరన్నా వచ్చి నాబ్‌లు తిప్పితే చేతులు విరగ్గొట్టండి.

మొదలెట్టిందా?… అబ్బా, మీరు ఊరుకోండి, నన్ను విననివ్వండి…

"అక్కల్లారా, చెల్లెళ్ళారా…"

ఏవండీ! వినబడుతోంది! ఫోన్‌లోంచి ఇల్లంతా వినబడుతోంది, పక్కింటావిడ కిటికీలోంచి చూస్తోంది!… ఏంటి, మరీ గట్టిగా ఉందా?

ఉండనివ్వండి. ఫోన్ అక్కడ పెట్టి, నోరు మూసుకుని మీ అమ్మ మాట వినండి.