అసలు సిసలు ఇటాలియన్ పిజ్జా

థీమ్ పార్కులో పిజ్జా కొట్టు యజమాని, బావమరిది కాల్చిచ్చిన పిజ్జాను ఆఖరి ముక్క దాకా తిని తీరిగ్గా వేళ్లు తుడుచుకున్నాడు.

“ఎలా ఉంది బావా?”

“అద్భుతంరా! ఇటలీలో రెండేళ్లు ఊరికే లేవు నువ్వు.”

“అయితే ఇకముందూ ఇదే అమ్ముదామా?”

“నిన్న పదకొండుమంది మాడిపోయిందని వెనక్కిచ్చారు.”

“ఆ నల్లమచ్చలుంటేనే అసలైన పిజ్జా బావా!”

“వాళ్లు జెయింట్ వీల్ ఎక్కడానికొస్తార్రా, నీ పాఠం వినడానికి కాదు. రేపట్నుంచి ఫ్రీజర్‌లోవి వేడిచేసి అమ్ముతాం.”

“మరి ఈ పొయ్యి?”

“ఉంటుంది. దాని ముందు ఫోటోలు దిగుతున్నారుగా.”

“నేను?”

“నువ్వూ అంతే. టోపీ పెట్టుకుని పిండిని గాల్లోకి తిప్పు. కిందపడినా కంగారుపడకు, దాన్నెవరూ తినరు.”