రెల్లుపిట్ట పలికింది

హలో… ఆఁ, నేనే మాట్లాడేది. ఎవరూ?

…ఓ, నువ్వా. మా ఆవిడ దగ్గర పని నేర్చుకున్న పిల్లవి. ఆఫీసులో అందరూ మేడం అంటుంటే నువ్వొక్కదానివే పిన్నీ అనేదానివి. గుర్తున్నావులే. ఆవిడ పోయాక ఇదేగా నీ మొదటి ఫోను… సరే సరే, సంజాయిషీ అడగలేదు. విషయం చెప్పు.

పలికిందా? ఏది?… రెల్లుపిట్టా?

…కూర్చునే ఉన్నాను. నాకేం కాలేదు. చెప్పు.

మడుగులో మైకు కట్టారా? నాకు కనపడలేదే… ఓహో, రెల్లు లోపల. ఎన్నాళ్లనుంచో ఎవరికీ వినపడని పిట్ట మీ మైకుకు వినపడింది. పొద్దుగూకే వేళ… ఊఁ.

అయితే మడుగు పూడ్చరన్నమాట… మీ రాష్ట్ర వన్యప్రాణి బోర్డు దాదాపు ఒప్పుకున్నట్టేనా? గోదాములు కట్టరు, కంచె వేసి కాపాడతారు. మంచిదే.

వినిపించు… వింటున్నా.

……

ఇంకోసారి వెయ్యి.

……

చివర్లో ఆ చప్పుడేంటి?… గాలి అన్నారా. మీ పెద్ద సారు కూడా గాలేనన్నాడా? ఏమ్మా, గాలికి గొంతులో కఫం ఉంటుందా?

అది మీ పిన్ని దగ్గు.

—లేదు, మతి బాగానే ఉంది. విను. పిట్టలాగా పలికేది కదా ఆవిడ? గట్టు మీద నిలబడి, రెండు అరచేతులూ నోటికి అడ్డం పెట్టి. నీకూ నేర్పబోయింది. నీది కప్ప అరిచినట్టుందని నవ్వింది… ఆఁ, అదే. మంచం పట్టాక పాత టేపులో పలికి, చివర్న దగ్గి, నా చేతికిచ్చింది. నేను లేవలేను, రోజూ సాయంత్రం నువ్వెళ్లి వినిపించు, అది తిరిగి పలికితే వచ్చి నాకు చెప్పు, అంది.

వెళ్తున్నాను.

…అవును, ఆవిడ లేకపోయినా. నాకు వేరే పనేముంది?

లేదు. ఒక్కసారి కూడా పలకలేదు.

ఏడవకు… బాబాయ్ బాబాయ్ అంటూ ముక్కు చీదితే పిట్ట రాదు.

అసలు ఉందా అంటే నాకేం తెలుసు? చూశానని ఆవిడ అంది. ఉత్తినే చెప్పే మనిషి కాదు. ఆ ముక్కే మీ బోర్డు ముందు నిలబడి చెప్పింది. ఫొటో ఏదన్నాడు మీ పెద్ద సారు. ఆడవాళ్లకు పొదల్లో ఏవేవో కనపడతాయని నవ్వాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. నువ్వూ పక్కనే ఉన్నావుగా… నేల చూపులు చూస్తూ. తెలుసు. ఇంటికొచ్చి చెప్పింది.

మనిషి మాట నమ్మలేదు. దగ్గు నమ్మారు.

…

ఇవాళ సాయంత్రమా? ఎవరెవరు వస్తున్నారు?… మీ పెద్ద సారు కూడానా! తన చెవులతో విన్నాకే సంతకం పెడతాడా. వినపడకపోతే?

…రేపే మట్టి లారీలు. ఊఁ.

నసగకు. అర్థమైంది. టేపు వెయ్యమంటావు.

వెయ్యను.

…ఎందుకా? ఆవిడ పోయిన రోజు మీ ఆఫీసు నుంచి కాకి కూడా రాలేదు. అందుకు. ఆవిడ గొంతు ఆయన చెవిన పడటానికి వీల్లేదు— ఏంటీ? ఆవిడ కోసమేనా? ఆవిణ్ణి మధ్యలోకి లాగకు.

…

…

లైన్లోనే ఉన్నా.

ఒకసారి ఇంట్లో వేసి చూశాను ఆ టేపు. వంటింట్లో. దగ్గు ఒక్కటే వినపడింది. నీళ్ల మీద వేస్తేనే అది పిట్టవుతుంది… మడుగు పూడ్చేస్తే ఇంకెక్కడికి తీసుకెళ్లను?

…ఏం లేదు. నాలో నేను అనుకుంటున్నా.

కుర్చీలు ఈ గట్టున వేయించు. నేను అవతల రెల్లులో కూర్చుంటాను. ఎవర్నీ అటు రానివ్వకు… నీ థాంక్సులు నువ్వే దాచుకో. నిన్ను క్షమించలేదు. ఆయన్నీ క్షమించలేదు.

వినపడుతుందిలే. పిట్ట వరకే వినపడుతుంది. దగ్గు రాకముందే ఆపేస్తాను.

…గాలి అనుకుంటారని నాకూ తెలుసు. అయినా ఆపేస్తాను.

అది నాది.

పెట్టేస్తున్నా.